దౌడు మీద మూడు బాణాలు

ముందు గుర్రాన్ని కొన్నాను. దాన్ని ఎక్కడ ఉంచాలన్న సంగతి తరవాత ఆలోచించాను.

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. కంచరపాలెంలో, రైలు పట్టాలకు రెండు సందుల ఇవతల, నాకో టైలరింగ్ షాపుంది. స్కూలు యూనిఫారాలు, జాకెట్లు, చీరలకి ఫాల్సు, ఇదీ నా పని. ఒకరోజు పొద్దున్నే ఒకాయన ఎర్ర వెల్వెట్ గుడ్డ పట్టుకొచ్చి దాని చుట్టూ అద్దాలు కుట్టిపెట్టమన్నాడు. బీచ్ రోడ్డులో పిల్లల్ని గుర్రం ఎక్కించి తిప్పే మనిషి. జీను కింద వేసే గుడ్డట అది. మోకాళ్ళు అరిగిపోయాయని, ఆ పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పాడు. గుర్రాన్ని ముస్తాబు చేస్తే కొనేవాళ్ళకి నచ్చుతుందని ఈ తాపత్రయం.

“ఎవలైనా వొచ్చారా మరి?” అని అడిగాను.

“ఒకడొచ్చినాడమ్మా. పెళ్ళి ఊరేగింపులకి తిప్పుతాడంట. డప్పుల మద్దెన నిలబెడతాడు దాన్ని. తొమ్మిదేళ్ళు సముద్రపు గాలి తిన్న గుర్రం. ఇవ్వడానికి నాకు మనసొప్పట్నేదు.”

గుడ్డ కొలత సరిపోయిందో లేదో చూడాలన్న వంకతో ఆ సాయంత్రం నేనే బీచ్‌కి వెళ్ళాను. ఎర్రటి ఆడ గుర్రం, నుదుటి మీద తెల్లటి మచ్చ. నేను గుడ్డ సర్దుతుంటే వెనక నుంచి నా జడలోని కనకాంబరాల దండ లాగేసి నమిలేసింది. తిరిగి చూసేసరికి దవడ పక్క నుంచి ఒక్క పువ్వు వేలాడుతోంది. నాకు నవ్వాగలేదు. అది తల ఎత్తి, గడ్డం తీసుకొచ్చి నా భుజం మీద పెట్టి బరువంతా వదిలేసింది. ఎందుకు కొన్నావని ఇప్పటికీ అందరూ అడుగుతారు. ఆ బరువు వాళ్ళ భుజాల మీద పడలేదు కాబట్టి అడుగుతారు.

మర్నాడు మా ఆయన స్టీలు ప్లాంటులో ఎ షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి షాపు పక్కన నీలం టార్పాలిన్ కింద గుర్రం నిలబడి ఉంది. ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళయి ఇరవై ఏళ్ళైనా బావా అనే పిలుస్తాను. హెల్మెట్ తియ్యకుండా బండి మీదే కూర్చుని చూశాడు.

“ఏటిది?”

“గుర్రం.”

“గుర్రవని నాకూ తెలుస్తంది. ఎవులిదని అడుగుతన్నాను.”

“మనదే బావా.”

ఆయన హెల్మెట్ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి, ఇంకా అక్కడే ఉందా అని మరోసారి చూశాడు. ఇనుము ఎర్రగా కాలి కడ్డీలుగా సాగే చోట ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్న మనిషి. గుర్రమంటే మాత్రం భయమని ఆ రోజే తెలిసింది.

అది మా సందులో రెండు రోజులుంది. గూడ్సు బండి కూత వేసుకుంటూ పోయినా చెవి కూడా కదిపేది కాదు. పై వాటా వాళ్ళ గుమ్మానికి కట్టిన మామిడాకులన్నీ తినేసింది. కుళాయి దగ్గర బిందెల వరసలో తనూ తలపెట్టి నిలబడింది. ఎదురింటి ముసలమ్మ నడుం మీద చేతులు వేసుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “పాలిస్తదేటే?” అని అడిగింది. ఇవ్వదంటే, “మరెందుకే?” అని ఎంతో జాలిగా నా వంక చూసింది. అప్పటికే నేను దాన్ని అమ్మడూ అని పిలవడం మొదలుపెట్టాను.

మూడోరోజు యూనిఫారం కొలతలివ్వడానికి వచ్చినావిడ సబ్బవరం దగ్గర ఒక మాస్టారున్నారని చెప్పింది. పూర్వం గుర్రప్పోలీసుల్లో పని చేశారు. రిటైరయ్యాక తన జీడితోటలో పాక వేసి గుర్రాల్ని పెంచుతున్నారు. ఇతరుల గుర్రాల్ని కూడా ఉంచుకుంటారు. ఒక చిన్న లారీ మాట్లాడి, అడుగున గడ్డి పరిచి, అమ్మడిని ఎక్కించాం. దాని పక్కన నిలబడి నేనూ వెళ్ళాను. ఎన్ని సిగ్నళ్ళ దగ్గర ఎంతమంది మా ఇద్దర్నీ చూసి చేతులూపారో! నేనూ ఊపాను. ఏదో ఎన్నికల్లో నిలబడ్డట్టు.

మాస్టారికి అరవై దాటాయి. తెల్లటి మీసం, గుండ్రటి పొట్ట, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ. అమ్మడి గిట్టలెత్తి చూసి, పళ్ళు చూసి, మెడ నిమిరి, “దీనికేటమ్మా, బంగారం” అన్నారు. నేనిక బస్సు కోసం బయల్దేరబోతుంటే లోపలికెళ్ళి ప్యాంటు వేసుకుని, చేతిలో విల్లుతో వచ్చారు. నల్ల గుర్రం ఎక్కారు. తోట మధ్యలో, రెండు వైపులా తాళ్ళు కట్టిన పొడవాటి బాట ఉంది. ఈ చివర్నించి గుర్రాన్ని వదిలారు. ఆ పొట్ట, ఆ మీసం, ఆ వయసు అన్నీ ఎటుపోయాయో తెలియదు. పగ్గాలు వదిలేశారు. రెండు చేతులూ విల్లు మీద. గుర్రం గాలిలా పోతోంది. టప్ అని చప్పుడు. బాట పక్కన కట్టిన గోనె బస్తాలో బాణం ఊగుతోంది.   ఎవరో నన్ను పట్టుకుని గిరగిరా తిప్పి వదిలేసినట్టయింది.

“మాస్టారూ, నాకు నేర్పుతారా?”

“గుర్రం ఎక్కడం వొచ్చేటమ్మా?”

“రాదు.”

“విల్లు పట్టుకోడం?”

“రాదు.”

“మరేటొచ్చు నీకు?”

“కుట్టడం వొచ్చు.”

ఆయన మీసం దువ్వుకున్నారు. “అయితే గుడ్డ పేలికలుంటాయి కదా. వొచ్చినప్పుడల్లా ఒక మూట తెచ్చీ. గోనెలో కూరితే బాణం బాగా పట్టుకుంటది” అన్నారు. అలా నా షాపులో మిగిలిన స్కూలు యూనిఫారాల ముక్కలన్నీ సబ్బవరం చేరడం మొదలైంది.

మొదటి మూడు నెలలు విల్లు తాకనివ్వలేదు. ఆదివారాలు, బుధవారాలు తెల్లవారగానే మా ఆయన బండి మీద దింపేవాడు. గుర్రం మీద చేతులు చాచి కూర్చోవాలి. కళ్ళు మూసుకుని కూర్చోవాలి. రికాబుల్లో కాళ్ళు లేకుండా కూర్చోవాలి. రెండు చేతుల్లో రెండు నిండు గ్లాసుల నీళ్ళు పట్టుకుని, అది నడుస్తుంటే ఒలకకుండా కూర్చోవాలి. సోమవారం మిషను ముందు స్టూలు మీద కూర్చోడానికి నేను పడే పాట్లు చూసి జాకెట్ల వాళ్ళు, “నడుం పట్టీసిందేటండీ?” అని పరామర్శించేవాళ్ళు. అవునని తలూపేదాన్ని. లోపల మాత్రం నాకు నడుమొక్కటే ఏమిటి, తలవెంట్రుకలు కూడా నొప్పిగానే ఉండేవి. అయినా బుధవారం ఎప్పుడొస్తుందా అని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

నాలుగో నెలలో నేల మీద నిలబెట్టి విల్లు చేతికిచ్చారు. నారిని బొటనవేలితో లాగాలి. బొటనవేలికి తోలు తొడుగుండాలి. అది నేనే కుట్టుకున్నాను, నాలుగు పొరలు పెట్టి. బాణం తోకలోని గాడిని చూడకుండా నారికి ఎక్కించాలి, ఎందుకంటే గుర్రం మీద కిందికి చూస్తే పడతాం. ఇది అందరికీ నెలలు పడుతుందట. నాకు మొదటి పూటే వచ్చేసింది. కరెంటు పోయినప్పుడు కూడా సూదిలోకి దారం ఎక్కించిన చేతులు కదా. మాస్టారు నా కళ్ళకి తువ్వాలు కట్టి మరీ చూశారు. టిక్, టిక్, టిక్ అని వరసగా పది బాణాలు ఎక్కించాను.

“ఓలమ్మా!” అన్నారు ఆయన. అరవై ఏళ్ళ మనిషి అలా అన్న మాటకి నేను వారం రోజులు నవ్వుకుంటూ తిరిగాను.

ఇక గుర్రం మీద నుంచి వెయ్యాలి. ఆ రోజు మాస్టారు, నేను, తాళ్ళ అవతల మా ఆయన. అమ్మడిని బాట మొదట్లో నిలబెట్టాను. పగ్గాలు దాని మెడ మీద వదిలేశాను. మడమతో తట్టగానే కదిలింది, నడక పరుగైంది, పరుగు దౌడైంది. విల్లు ఎత్తాను. గోనె బస్తా దగ్గరవుతోంది. నారి లాగాను. అంతే, అమ్మడు ఆగిపోయింది. ఆగడమే కాదు, ఉన్నచోటే చక్కగా వెనక్కి తిరిగింది. నేను మాత్రం తిరగలేదు. దాని మెడ మీదుగా ముందుకు పోయి, ఇసకలో కూర్చున్నాను. బాణం ఎటో జీడిచెట్టు కొమ్మల్లోకి పోయింది.

“పడిపోనావా?” అని అరిచాడు మా ఆయన.

“నేదు, కూర్చున్నాను!”

రెండోసారి కూడా సరిగ్గా అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. నేను మూడుసార్లూ కిందే. మాస్టారు గుర్రం ఆగిన చోట కర్రతో గీత గీసి, అడుగులు వేస్తూ కొలిచి, పకపకా నవ్వారు. తొమ్మిదేళ్ళు బీచ్‌లో అది చేసింది ఇదే. ఇక్కణ్ణించి ఐస్‌క్రీం బండి దాకా వెళ్ళడం, వెనక్కి తిరగడం. పిల్లల్ని దింపాక దాని యజమాని బెల్లం ముక్క పెట్టేవాడు. అది దాని ఉద్యోగం. ఇక్కడా అంతే శ్రద్ధగా చేస్తోంది.

“తిట్టకమ్మా దాన్ని. అది తప్పేటి చెయ్యట్నేదు. బెల్లం చోటు మార్చాల, అంతే” అన్నారు మాస్టారు. తరవాత తిరిగి మా ఆయన వైపు చూశారు. “బాబూ, నువ్వు ఆ చివర నిలబడు.”

మా ఆయన ముఖం చూడాల్సిందే. చేతిలో బెల్లం ముక్కతో బాట చివర నిలబడ్డాడు, ఉరికంబం దగ్గర నిలబడ్డట్టు. మొదటి రోజు గుర్రం ఇంకా ఇరవై గజాల దూరంలో ఉండగానే బెల్లం గాల్లోకి విసిరి చెట్టు వెనక్కి పరిగెత్తాడు. రెండోరోజు చెట్టు వెనక నుంచే చెయ్యి చాచాడు. మూడో వారానికి కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడగలిగాడు. అమ్మడు వచ్చి, ముక్కుతో ఆయన చెయ్యి వెతుక్కుని, బెల్లం తిని, ఆయన చొక్కా కాలరు కూడా కాస్త నాకి చూసింది.

“ఏటే ఇది, ముద్దెడతంది!” అని ఆయన కెవ్వుమన్నాడు, కళ్ళు మూసుకునే. ఆ తరవాత పాత గీత దగ్గర అమ్మడు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ బాట చివరికి అది పరిగెత్తే తీరు చూస్తే, మా ఆయన కోసం ఇంత ఆత్రంగా పరిగెత్తిన జీవి ఈ భూమ్మీద ఇంకోటి లేదని నాకే కాస్త ఈర్ష్య కలిగేది.

గుర్రం సమస్య తీరింది. నా సమస్య మొదలైంది. నేల మీద పదికి ఎనిమిది తగిలించేదాన్ని. గుర్రం మీద ఒక్కటీ తగిలేది కాదు. బాణాలు ముందుకు, వెనక్కి, మట్టిలోకి, పక్క తోట కంచెలోకి. ఆరు వారాలు. మాస్టారు ఎంత చెప్పినా, ఎన్ని విధాల చూపించినా నా చెయ్యి వినలేదు. ఒక ఆదివారం నా బాణం ఒకటి మాస్టారు ఆరేసిన లుంగీలోంచి దూసుకుపోయింది. ఆయన లుంగీ వెలుగులోకి ఎత్తి చూసి, “తగలడం మొదలెట్టినావు, పర్లేదు” అన్నారు.

అది వేసవి. సముద్రంలో వేట ఆపేసే నెలలు. మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. యారాడలో మా నాన్నకి ఖాళీ దొరికేది అప్పుడే. నాన్న ఇప్పటికీ వేటకు వెళ్తాడు. గుర్రాన్ని చూస్తానంటూ ఒక బుధవారం సబ్బవరం వచ్చాడు. జీడిచెట్టు నీడలో గొంతుక్కూర్చుని, చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని, నేను వేసిన పన్నెండు బాణాలూ చూశాడు. పన్నెండూ పోయాయి. గుర్రం దిగి నేను దగ్గరికి వెళ్తే చుట్ట తీసి అన్నాడు.

“అమ్మీ, నీకు ఎయ్యడం వొచ్చు. ఎప్పుడెయ్యాలో తెలవదు. రేపు పొద్దున్న ఇంటికి రా.”

మర్నాడు షాపు మూసి యారాడ వెళ్ళాను. ఒడ్డున నాన్న పక్కింటివాళ్ళ తెప్ప సిద్ధం చేసి ఉంచాడు, మోటారు లేనిది. భుజం మీద విసురు వల.

“ఎక్కు” అన్నాడు.

నేను కదల్లేదు. మా వాడలో ఆడపిల్లలు పడవ ఎక్కరు. పుట్టి పెరిగి, పెళ్ళయి వెళ్ళిపోయి, ఇన్నేళ్ళలో నాన్న పడవ మీద ఒక్కసారి కూడా నేను అడుగు పెట్టలేదు. వలలు బాగుచేశాను, చేపలు ఎండబెట్టాను, ఒడ్డున నిలబడి ఎదురుచూశాను. అంతవరకే.

“అమ్మ చూస్తేనో?”

“మీ అమ్మ సేపలకెల్లింది. దానికి తెలిసేలోగా దిగిపోదాం. ఎక్కవే!”

మా ఇద్దరికీ దొంగతనానికి వచ్చిన పిల్లల్లా నవ్వొచ్చింది. ఎక్కాను. నాన్న తెడ్డు వేశాడు. కెరటాలు విరిగే చోటు దాటాక నన్ను నిలబెట్టి వల చేతికిచ్చాడు. విసిరాను. వల ముద్దలా పడింది. మళ్ళీ విసిరాను. ఈసారి వలతో పాటు నేనూ పడ్డాను. ఉప్పునీళ్ళు మింగి, తేలి, తెప్ప పట్టుకుని పైకి పాకాను. నాన్న తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్నాడు, పళ్ళన్నీ కనబడేలా. నాన్న అలా నవ్వగా నేను ఒడ్డున ఎప్పుడూ చూడలేదు.

“కళ్ళతో సూడకు. కాళ్ళతో సూడు” అన్నాడు. “కెరటం పైకెత్తుద్ది. ఎత్తీసి, దించే ముందర రవ్వంత సేపు పడవకి బరువుండదు. అదిగో… ఇప్పుడు. మళ్ళీ… ఇప్పుడు. తెలుస్తందేటి? ఆ రవ్వలో ఇసరాల. దిగతన్నప్పుడు ఇసిరితే దేవుడొచ్చినా వల విచ్చుకోదు.”

కళ్ళు మూసుకుని నిలబడ్డాను. అరికాళ్ళ కింద తెప్ప లేచింది, లేచి ఆగింది. అవును, ఆగింది! కొండ, సముద్రం, నేను, అంతా ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం. తరవాత దిగింది. మళ్ళీ లేచినప్పుడు విసిరాను. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని, పళ్ళెంలా పరుచుకుని, నీళ్ళ మీద వాలింది. అందులో పడ్డవి నాలుగంటే నాలుగు చిన్న చేపలు. నేను వేసిన కేకకి మాత్రం ఒడ్డున వల అల్లుకుంటున్న వాళ్ళందరూ తలెత్తారు. ఇంకేం, మేం ఒడ్డు చేరేసరికి అమ్మకి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. తడి చీరతో నన్ను, ఆ పక్కన నాన్నని నిలబెట్టి చెరో అరగంట తిట్టింది. తిట్టి తిట్టి, ఆ నాలుగు చేపలూ వేయించి పెట్టింది.

దౌడులో గుర్రం నాలుగు కాళ్ళూ నేల విడిచే క్షణం ఒకటుంటుందని మాస్టారు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. విన్నాను గానీ, నా ఒంటికి తెలియలేదు. ఆ ఆదివారం అమ్మడి మీద కూర్చుని విల్లు ఎత్తకుండా రెండుసార్లు ఊరికే దౌడు తీయించాను. మూడోసారి దొరికింది. లేచింది, ఆగింది, దిగింది. లేచింది, ఆగింది… వదిలాను. టప్.

ఆ చప్పుడు నాకు చెవుల్లో కాదు, కడుపులో వినిపించింది. తెల్ల గళ్ళ యూనిఫారం పేలికలు కూరిన బస్తాలో నా బాణం. బాట చివర్న దిగి, మా ఆయన్ని, మాస్టారిని, అమ్మడిని, అక్కడే ఉన్న వేపచెట్టుని కూడా వాటేసుకున్నాను.

తరవాత రెండు నెలలకి మాస్టారు నాకు పరీక్ష పెట్టారు. ఒకే దౌడులో మూడు బస్తాలు. మొదటిది ఎదురుగా వస్తుండగానే వెయ్యాలి. రెండోది పక్కకి వచ్చినప్పుడు. మూడోది దాటిపోయాక వెనక్కి తిరిగి. వెనక్కి తిరిగి వేసేది అన్నిటికంటే కష్టం. గుర్రం ఒకవైపు పోతుంటే నడుం పై భాగమంతా ఇంకోవైపు తిరగాలి. బస్తాలు వేలాడదియ్యడానికి మా ఆయన ఇంటి దగ్గర ఇనప ఊచలు వెల్డింగ్ చేసి మూడు స్టాండ్లు తయారుచేశాడు. రాత్రి వాన పడి పొద్దున్నే తెరిపిచ్చింది. మట్టి మెత్తగా ఉంది. అమ్మడి చెవులు నిటారుగా ఉన్నాయి.

వదిలాను. మొదటిది, టప్. తగిలిందని చూస్తూనే రెండో బాణం నారి మీద ఉంది. రెండోది, టప్. ఆ రెండోది బస్తాకి నట్టనడుమ తగిలింది. అది చూసి బాట చివర బెల్లం పట్టుకుని నిలబడాల్సిన మా ఆయన పూనకం వచ్చినవాడిలా రెండు చేతులూ పైకెత్తి, “కొట్టీసిందిరా బాబో!” అని గెంతడం మొదలుపెట్టాడు. నేను అప్పటికే వెనక్కి తిరిగి ఉన్నాను. నారి వదిలాను. బాణం వెళ్ళిందని తెలుసు, ఎక్కడికి వెళ్ళిందో తెలియదు. ఎందుకంటే ఎప్పుడూ విగ్రహంలా నిలబడే మనిషి అలా గెంతేసరికి బెదిరిన అమ్మడు ఆయన పక్క నుంచి దూసుకుపోయింది. గడ్డి తెచ్చిన ఆటో వెళ్తూ వెళ్తూ గేటు తీసే వదిలేసింది. మేం గేటు దాటాం. మట్టిబాట దాటాం. సబ్బవరం రోడ్డు ఎక్కేశాం.

భయపడాల్సిన సమయమది. కానీ నిజం చెబుతున్నాను, నాకు నవ్వు తన్నుకొచ్చింది. చేతిలో విల్లు, వీపున నేనే కుట్టుకున్న పువ్వుల అమ్ములపొది, పంజాబీ డ్రెస్సు, కాళ్ళకి మాస్టారు ఇచ్చిన పాత బూట్లు. ఎడమ పక్కన ఒక బస్సు. అందులో కిటికీల నిండా నోళ్ళు తెరుచుకున్న ముఖాలు. డ్రైవరు మర్యాదగా వేగం తగ్గించి దారిచ్చాడు. పగ్గాలు అందుకుని, వెనక్కి వాలి, “హో… అమ్మడూ, హో…” అంటూ మెల్లగా దౌడుని పరుగులోకి, పరుగుని నడకలోకి దించుకుంటూ వచ్చాను. రోడ్డు పక్కన టీకొట్టు ముందు ఐదారుగురు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తొమ్మిదేళ్ళు పర్యాటకుల ఫోటోలకి నిలబడ్డ గుర్రం కదా, ఆ ఫోన్లు చూడగానే ఆగి, మెడ వంచి, ముందు కాలు కాస్త ముందుకు పెట్టి శిలలా నిలబడిపోయింది. నేను చేసిందేమీ లేదు.

టీకొట్టావిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

“ఏటమ్మా, సీరియల్ షూటింగేటి?”

“కాదండీ. నేర్చుకుంటన్నాను.”

“ఈ వొయసులోనేటి?”

“అవునండీ.”

ఆవిడ అమ్మడిని, నన్ను, విల్లుని మార్చి మార్చి చూసింది. కొట్లో వేలాడే గెలలోంచి ఒక అరటిపండు తుంచి అమ్మడికి పెట్టింది. “నాకూ కాస్త ఆ విల్లు ఇయ్యమ్మా, సూస్తాను” అంది. ఇచ్చాను. చీర చెంగు బొడ్లో దోపుకుని, నారి చెవి దాకా లాగి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి గురిపెట్టి నిలబడింది. బాణం లేకపోయినా స్తంభం పక్కనున్న వాళ్ళు తప్పుకున్నారు. అందరం పడీపడీ నవ్వాం.

ఆ నవ్వుల్లో బండి హారను వినిపించింది. మా ఆయన. హెల్మెట్ లేదు, చెప్పులు లేవు, చొక్కా గుండీలు ఊడాయి. వెనక సీటు మీద మాస్టారు. ఆ మాస్టారి ఒళ్ళో పసిబిడ్డలా పొదివి పట్టుకున్న గోనె బస్తా, మూడోది. స్టాండు నుంచి తాళ్ళు కోసేసి మరీ తెచ్చారు. బస్తా అంచున, ఇంకో రెండు వేళ్ళు పక్కకి పోయుంటే తప్పిపోయేది, కానీ పోలేదు, అక్కడ నా బాణం గుచ్చుకుని ఉంది.

“నువ్వు సూడనేదు కదాని తెచ్చినాం” అన్నాడు మా ఆయన రొప్పుతూ.

మాస్టారు బండి దిగి, బస్తాని రెండు చేతులా పైకెత్తి నాకు, అమ్మడికి, టీకొట్టు ముందున్న వాళ్ళందరికీ చూపించారు. ఎవరో ఈల వేశారు.  నేను గుర్రం దిగకుండానే అమ్మడి మెడ మీద వాలి, దాని జూలులో ముఖం పెట్టుకుని కడుపు పట్టుకునే దాకా నవ్వాను. టీకొట్టావిడ టీ గ్లాసు పైకి అందించింది. మా ఆయన జేబులోంచి నలిగిన బెల్లం ముక్క తీసి, ఈసారి కళ్ళు తెరిచే, అమ్మడి మూతి దగ్గర పెట్టాడు.